సత్యలింగానికి ఒక తప్పు కావాలి

వేణుగోపాలపురం ఔత్సాహిక క్రికెట్ సంఘం కార్యదర్శి మల్లిపూడి గోపాలస్వామి గారు ఆ మాఘమాసంలో ఏదో కొండమీద జరిగిన వ్యక్తిత్వ వికాస శిబిరానికి వెళ్ళి, జలుబుతో తిరిగొచ్చారు. జలుబు మిరియాల కషాయానికి తగ్గింది. అక్కడే అంటుకున్న రెండోది మాత్రం ఏ కషాయానికీ లొంగలేదు.

ఆ రెండోది ఒక సిద్ధాంతం. మనిషి తప్పుల నుంచే నేర్చుకుంటాడు అని. ఇందులో వింతేముంది, ఏ తల్లైనా పిల్లలకి చెప్పేదే కదా అనిపించవచ్చు. కానీ తల్లులు ఆ మాట చెప్పి, వీపు నిమిరి, అన్నం పెట్టి ఊరుకుంటారు. గోపాలస్వామి గారు సహకార శాఖలో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఒక మంచిమాట చెవిన పడిందంటే దానికి విధివిధానాలు రూపొందించేదాకా ఆయనకి అన్నం సయించదు.

అందుకని వచ్చిన ఆదివారమే హైస్కూల్లో ఆరో తరగతి గది తెరిపించి, అంపైర్లందర్నీ పిల్లల బెంచీల మీద కూర్చోబెట్టి, తాను రాసుకొచ్చిన ఉత్తర్వు నిలబడి చదివారు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, నేర్చుకొనుట అనునది తప్పు చేయుట వలన మాత్రమే సంభవించును గనుక, ఇకపై అంపైర్ల యోగ్యత వారు చేసిన తప్పులను బట్టి నిర్ణయింపబడును. ప్రతి ఆదివారము ఆట ముగిసిన పిమ్మట అభ్యసన సభ జరుగును. అందు ప్రతి అంపైరూ తాను చేసిన తప్పును, తద్వారా పొందిన పాఠమును సభాముఖముగా ప్రకటించవలెను. పాఠములు పొందినవారికే శ్రీరామనవమి కప్పు ఫైనల్లో నిలుచు అర్హత ఉండును."

వెనక బెంచీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చున్న అడపా సత్యలింగానికి ఫైనల్ అన్న మాట వినగానే గుండె ఝల్లుమంది.

సత్యలింగానికి బజారులో పూజాసామాను కొట్టుంది. వారమంతా కర్పూరం, వత్తులు, కుంకుమ, అగరుబత్తీలు అమ్ముతాడు. ఆదివారం కొట్టు కట్టేసి తెల్లకోటు వేసుకుని గ్రౌండుకి వెళ్తాడు. ఎలా వెళ్తాడంటే గుడికి వెళ్ళినట్టే వెళ్తాడు. తలస్నానం చేసి, బొట్టు పెట్టుకుని, గ్రౌండులోకి అడుగు పెట్టగానే స్టంపుల్ని తాకి కళ్ళకద్దుకుంటాడు. ఓవరు లెక్కకి అందరూ గులకరాళ్ళు వాడితే, ఆయన కొట్లోంచి తెచ్చుకున్న తామరగింజలు వాడతాడు. బంతి పడ్డప్పుడల్లా ఒక గింజ కుడి జేబులోంచి ఎడమ జేబులోకి మారుతుంది. మొదటి బంతికి ముందు కళ్ళు మూసుకుని లోపల్లోపల ఒక మాట అనుకుంటాడు. "స్వామీ, ఈ వేలు నాది కాదు, నీది. ఊరికే లేపించకు."

దేవుడు ఆ మాట విన్నాడనే చెప్పాలి. సత్యలింగం ఔటిస్తే ఔటైనవాడు కూడా తిట్టుకోకుండా వెళ్ళిపోయేవాడు. ఆ ఊళ్ళో అంపైర్లకి అంతకు మించిన బిరుదు లేదు.

అయినా నవమి కప్పు ఫైనల్లో నిలబడే భాగ్యం మాత్రం ఆయనకి ఎప్పుడూ దక్కలేదు. ఒకసారి అధ్యక్షుల వారి బావమరిది నిలబడ్డాడు, ఒకసారి పందిరి వేయించినాయన తమ్ముడు నిలబడ్డాడు. ఈ ఏడాది సీనియారిటీ ప్రకారం, అడిగేవాళ్ళెవరూ లేకుండా, వంతు సత్యలింగానిది. భార్య సరోజిని అప్పుడే కోటుకి నీలిమందు పెట్టి ఆరేసింది కూడా.

మొదటి అభ్యసన సభ ఆ సాయంత్రమే జరిగింది. బీమా ఏజెంటు కటారి ప్రకాశం లేచి గొంతు సవరించుకున్నాడు. వ్యాపారం తెలిసిన మనిషి గనుక గాలి ఎటు వీస్తోందో ఆయనకి ముందే తెలిసిపోయింది.

"ఇవాళ నేను బౌలరు పరుగెత్తుకొస్తుండగానే ఔటిచ్చేశానండి."

"బంతి వేయకముందేనా?" గోపాలస్వామి గారు ముందుకు వంగారు.

"బంతి ఇంకా చేతిలోనే ఉందండి."

"పాఠం?"

"బంతి వేశాక ఇవ్వాలండి."

గోపాలస్వామి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "చూశారా! ఇన్నేళ్ళుగా మనమంతా బంతి వేశాకే ఇస్తున్నాం. కానీ ఎందుకిస్తున్నామో మనలో ఒక్కరికైనా తెలుసునా? ప్రకాశం గారికి ఇవాళ తెలిసింది."

గదంతా చప్పట్లు. తర్వాత ఒక్కొక్కరే లేచి వైడులూ నోబాల్సూ అప్పజెప్పారు. వంతు సత్యలింగం దాకా వచ్చింది.

"ఇవాళ పొరపాటేమీ జరగలేదండి."

"జరగలేదా, తమ దృష్టికి రాలేదా?"

"రెండు జట్లనీ అడిగానండి. ఏమీ లేదన్నారు."

"అయితే నేర్చుకున్నది?"

"ఇవాళ్టికి ఏమీ లేదండి."

గది చల్లబడిపోయింది. గోపాలస్వామి గారు పక్కనున్న కోశాధికారి వంక చూసి, చావు కబురు చెప్పే గొంతుతో "అభ్యసన శూన్యత" అన్నారు. కోశాధికారి తల పట్టుకున్నాడు.

ప్రకాశం సత్యలింగం చెవి దగ్గర గొణిగాడు. "ఏదో ఒకటి చెప్పెయ్యొచ్చు కదా బావగారూ! ఎవరు చూడొచ్చారు?"

"చెయ్యని తప్పు చేశానంటే అబద్ధమౌతుంది కదండి."

"ఆ అబద్ధాన్నే తప్పు కింద చెప్పుకోండి మరి!"

ఇది సత్యలింగం బుర్రకి ఎక్కలేదు. ఎక్కేలోపల కార్యదర్శి గారు తీర్పు చెప్పేశారు. శ్రీరామనవమి లోపల సత్యలింగం కనీసం ఒక గుర్తింపు పొందిన తప్పు చేయవలెను. చేయని పక్షంలో ఫైనల్ మాట అటుంచి, సంఘం ఆస్తియైన తెల్లకోటును ఉతికి, ఇస్త్రీ చేసి, సంఘానికి అప్పగించవలెను.

ఇంటికెళ్ళి సంగతి చెబితే సరోజిని వత్తులు చేస్తున్నదల్లా ఆపి పకపకా నవ్వింది.

"మీరు తప్పు చెయ్యలేదని మెమో ఇచ్చారా? ఎవరండీ ఆ మాటన్న మహానుభావుడు? నన్ను పిలిపించమనండి, పెళ్ళినాటి నుంచీ వరసగా చెప్పుకొస్తాను."

"ఇంట్లోవి చెల్లవు సరోజినీ. గ్రౌండులో చేసినవే కావాలి."

"అయితే ఒకటి చేసెయ్యండి. దేవుడికి దణ్ణం పెట్టుకుని చేసెయ్యండి. మా తమ్ముణ్ణి కూడా రమ్మన్నాను, మీరు ఫైనల్లో నిలబడుతున్నారని. ఇప్పుడు వాడికేం చెప్పను?"

సత్యలింగం పీట మీద కూర్చున్నాడు. "అదే నాకు తెలియడం లేదే. తెలిసి చేస్తే అది పొరపాటెలా అవుతుంది?"

సరోజిని దూది తీసుకుని మళ్ళీ అరచేతుల మధ్య నలపడం మొదలుపెట్టింది. కాసేపటికి అంది: "కూరలో ఉప్పు పొరపాటున ఎక్కువైతే మీరు పెరుగు కలుపుకుని మాట్లాడకుండా తినేస్తారు. కావాలని వేశానని చెబితే తింటారా?"

"ఎందుకు తింటాను?"

"నేనైతే అంతవరకే చెప్పగలను. మిగిలింది మీ కార్యదర్శి గారినడగండి. వారి ఇంట్లో ఎలా తింటారో!"

రాత్రంతా పొర్లి పొర్లి, పొద్దున దేవుడి గదిలో కూర్చుని సత్యలింగం ఒక నిర్ణయానికొచ్చాడు. ఎవరికీ కష్టం కలగని చిన్న తప్పు ఒక్కటి చేసేద్దాం. ఒక వైడు. వైడు కాని బంతికి చేతులు చాపితే పోయేదేముంది, ఒక్క పరుగు.

ఆ ఆదివారం బౌలింగుకి వచ్చినవాడు రైసుమిల్లు జట్టు కెప్టెన్ పితాని నానాజీ. నానాజీ పరుగెత్తుకొచ్చి బంతి వదలగానే సత్యలింగం కళ్ళు గట్టిగా మూసుకుని రెండు చేతులూ చాపేశాడు. కళ్ళు తెరిచేసరికి నానాజీ తల గోక్కుంటున్నాడు.

"వైడే లెండి బాబాయ్ గారూ. చెమటకి చెయ్యి జారిపోయింది."

సత్యలింగానికి ఏడుపొక్కటే తక్కువ. సరే, వైడు అచ్చిరాలేదు, ఇంకొకటి చూద్దామనుకున్నాడు. కాసేపటికి ఒక బంతి ఎటో పోయేది పోతూ పోతూ బ్యాట్స్‌మన్ కాలికి తగిలింది. నానాజీ అలవాటు కొద్దీ అరిచాడే తప్ప వాడికీ ఆశ లేదు. ఇదే అదను అనుకుని సత్యలింగం వేలెత్తేశాడు. ఎత్తి, ఇప్పుడు వీడు నన్నేమంటాడో అని బిక్కుబిక్కుమంటూ చూశాడు. బ్యాట్స్‌మన్ ఏమీ అనలేదు. వెనక్కి తిరిగి వికెట్ల వంక చూసి నాలిక్కరుచుకున్నాడు. బెయిలు కింద పడి ఉంది. బ్యాటు ఊపులో వాడే తన వికెట్లు తాకేసుకున్నాడు.

"అయ్యబాబోయ్! అది కూడా చూసేశారా అండీ!" అంటూ వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి ఊరంతా ఒకటే మాట. సత్యలింగం కళ్ళు మూసుకుని కూడా చూడగలడట! అభ్యసన సభలో మాత్రం గోపాలస్వామి గారు పెదవి విరిచారు. "మీరు ఉద్దేశపూర్వకంగానే సంఘానికి సహకరించడం లేదనిపిస్తోంది." సత్యలింగం అటునుంచటే గుడికి వెళ్ళి, కొబ్బరికాయ కొట్టి, "స్వామీ, ఇవాళ నన్ను రక్షించావా, ఇరికించావా?" అని అడిగాడు. స్వామి ఎప్పట్లాగే చిరునవ్వుతో నిలబడి ఉన్నాడు.

ఈలోగా మిగతా అంపైర్లు దూసుకుపోతున్నారు. కానీ అక్కడో చిక్కొచ్చింది. చేసిన తప్పే మళ్ళీ చేస్తే మొదటిసారి పాఠం నేర్చుకోలేదని అర్థం కనుక, పాత తప్పు చెల్లదని సంఘం తీర్మానించింది. ఒకరు చేసింది చూసి ఇంకొకరు నేర్చుకునే ప్రమాదం ఉంది కనుక, ఇతరులు చేసింది కూడా చెల్లదంది. దాంతో ఫాల్గుణం వచ్చేసరికి వేణుగోపాలపురంలో తప్పులకి కరువొచ్చింది. ఎల్బీడబ్ల్యూ తప్పులు మొదట్లోనే అయిపోయాయి. ఒక నోబాల్ తప్పు కోసం ఇద్దరు అంపైర్లు గ్రౌండు మధ్యలోనే, ముందు నేను చేశానంటే నేను చేశానని చొక్కాలు పట్టుకున్నారు.

గోపాలస్వామి గారు దీనికీ విరుగుడు కనిపెట్టారు. తప్పుల కేటాయింపు ఉపసంఘం వేశారు. శనివారం సాయంత్రం ఉపసంఘం కూర్చుని, ఏ అంపైరు ఏ తప్పు చేయవలెనో నిర్ణయించి స్కూలు గోడమీద అంటించేది. ఆటగాళ్ళు బతుకు తెలిసిన కుర్రాళ్ళు. ఆదివారం పొద్దున్నే వచ్చి, ముందు గోడ చదువుకుని, ఆ తర్వాతే కిట్లు విప్పేవారు.

ఆట తీరే మారిపోయింది. టాసు గెలిచిన కెప్టెన్ని బ్యాటింగా, బౌలింగా అని అడగడం మానేసి, "అంపైరు గారి తప్పు ఏ ఇన్నింగ్స్‌లో పెట్టించుకుంటావు?" అని అడిగేవారు. అంపైరుకి క్యాచ్ ఇవ్వకపోవడం కేటాయించిన రోజున ఫీల్డర్లు క్యాచ్ చేతిలో పడ్డా, ఎందుకొచ్చిన గొడవని బంతి కింద పెట్టేసేవారు. రనౌట్ ఇవ్వని రోజున బ్యాట్స్‌మన్లు సంతలో తిరుగుతున్నట్టు కబుర్లు చెప్పుకుంటూ పరుగులు తీసేవారు. ఒకడు మధ్యలో ఆగి చెప్పు సరిచేసుకుని మరీ వెళ్ళాడు.

ప్రకాశం ఈపాటికి ప్రధాన తప్పుల శిక్షకుడైపోయాడు. ఒక ఆదివారం ఆయన ఏకంగా వికెట్ కీపర్ని ఔటిచ్చాడు. ఆ కీపరు పాపం బిక్కమొహం వేసుకుని, గ్లవ్స్ విప్పి, అరటిచెట్టు నీడలో కూర్చున్నాడు. మిగతా ఆటంతా కీపరు లేకుండానే సాగింది. ఆ సాయంత్రం గోపాలస్వామి గారు "ఇది తప్పు కాదు, దర్శనం!" అన్నారు. ఎందుకైనా మంచిదని ప్రకాశం, తప్పేనండి అని గట్టిగా చెప్పి రాయించుకున్నాడు.

ఈ కీర్తి జిల్లా అంతా పాకింది. నవమినాడు ఫైనల్ చూసి, వేణుగోపాలపురాన్ని ఆదర్శ అభ్యసన సంఘంగా ప్రకటించడానికి జిల్లా సంఘం పరిశీలకుల వారు వేంచేస్తున్నారని కబురొచ్చింది. అయితే ఒక షరతు. సంఘంలో ప్రతి అంపైరూ తప్పు సాధించి ఉండాలి. అందరూ సాధించారు, ఒక్క సత్యలింగం తప్ప.

మర్నాడు పొద్దున్నే గోపాలస్వామి గారు కొట్టుకి వచ్చారు. మాటలో ఉత్తర్వుల వాసన తగ్గి, వేడుకోలు వాసన వచ్చింది.

"సత్యలింగం గారూ, మొత్తం సంఘం ప్రగతికి మీరొక్కరే అడ్డంగా నిలబడ్డారు. ఫైనల్లో మీరే నిలబడండి, సీనియారిటీ మీదే, కాదన్నదెవరు? మీకు ఉపసంఘం రనౌట్ తిరస్కరణ కేటాయించింది. రనౌటైనవాణ్ణి నాటౌటనండి, చాలు. మొదటి ఓవర్లలోనే, ఎవరికీ నొప్పి తగలనిచోట కానిచ్చేయండి. కోటు శాశ్వతంగా మీదే."

సత్యలింగం ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. వచ్చిన మనిషిని ఉత్తచేతులతో పంపకూడదని కర్పూరం పొట్లం కట్టి ఇచ్చాడు. గోపాలస్వామి గారు దాన్ని అంగీకారపత్రంగా స్వీకరించి వెళ్ళిపోయారు.

శ్రీరామనవమి వచ్చింది. పొద్దున సీతారాముల కల్యాణం అయ్యాక, ఊరు ఊరంతా అక్షింతలతో, పానకం గ్లాసులతో గ్రౌండుకి తరలివచ్చింది. పందిట్లో పరిశీలకుల వారు, వారి పక్కన గోపాలస్వామి గారు. ఆడవాళ్ళ వరసలో సరోజిని, ఆమె వెనక తమ్ముడు. నీలిమందు పెట్టిన కోటులో సత్యలింగం స్టంపులు తాకి కళ్ళకద్దుకుంటుంటే సరోజిని తమ్ముణ్ణి మోచేత్తో పొడిచింది.

నానాజీ రైసుమిల్లు జట్టుకీ, పడవలరేవు జట్టుకీ ఆట. గోడ మీద రాసింది అందరూ చదివే వచ్చారు. రనౌటివ్వరని తెలిశాక బంతి విసిరి చెయ్యి నొప్పి చేసుకోవడమెందుకని ఏ ఫీల్డరూ వికెట్ల మీదకి విసరలేదు. విసరకపోతే రనౌటెక్కడ? ఓవర్లు గడిచిపోతున్నాయి. ఇప్పుడొస్తుందా, ఇప్పుడొస్తుందా అని సత్యలింగం బంతి బంతికీ వికెట్ల వంకే చూస్తున్నాడు. వస్తే ఏం చేస్తాడో ఆయనకే తెలియదు. న్యాయంగా ఔటిస్తే కోటు పోతుంది, సరోజిని తమ్ముడి ముందు పరువు పోతుంది. ఇవ్వకపోతే పొద్దున ఏ రాముడి మీద అక్షింతలు వేశాడో ఆ రాముడికి ముఖం ఎలా చూపిస్తాడు? తామరగింజ ఏ జేబులోంచి ఏ జేబులోకి వెళ్తోందో కూడా చూసుకోవడం లేదు.

అలాగే ఆఖరి ఓవరు వచ్చేసింది. పడవలరేవు జట్టు ఇంకో నాలుగు మంచి దెబ్బలు కొడితే కప్పు వాళ్ళదే. ఆడేది యాళ్ళ చిన్నబాబు, ఆ జట్టంతటికీ ఆశ వాడే. వేసేది నానాజీ.

బంతి వచ్చింది, చిన్నబాబు బ్యాటు ఊపాడు, టక్కుమని చప్పుడైంది, బంతి కీపరు చేతిలో పడింది. జట్టు జట్టంతా గాలిలోకి ఎగిరి అరిచింది. సత్యలింగం వేలెత్తాడు.

ఇందులో కేటాయింపు లేదు, కపటం లేదు. చప్పుడు వినపడింది, వేలు లేచింది, అంతే.

చిన్నబాబు ఒక్క క్షణం నిలబడి, బ్యాటు వంక చూసుకుని, ఏమీ అనకుండా బయల్దేరాడు. సత్యలింగం ఔటిచ్చాక ఆ ఊళ్ళో ఎవరూ ఎదురు మాట్లాడరు. వాడు తన పక్కనుంచి వెళ్తుండగా సత్యలింగం చూపు చంకలో ఉన్న బ్యాటు మీద పడింది. దాని అడుగున పచ్చిమన్ను అంటుకుని ఉంది. క్రీజు వంక చూస్తే అక్కడ నేల కొత్తగా చీరుకుపోయి ఉంది. ఆ టక్కు బంతిది కాదు. బ్యాటు నేలని కొట్టిన చప్పుడది.

ఇన్నేళ్ళ తర్వాత, ఫైనల్లో, ఆఖరి ఓవర్లో, నిఖార్సైన తప్పు. గోపాలస్వామి గారి లెక్కన గమ్మున నిలబడితే సరిపోయేది. కానీ నోరు ఆగలేదు.

"ఒరేయ్ చిన్నబాబూ! ఆగు నాయనా. వెనక్కి రా. బ్యాటు నేలకి తగిలింది, బంతికి కాదు. నాదే పొరపాటు."

గ్రౌండంతా గగ్గోలైంది. నానాజీ పరుగెత్తుకొచ్చాడు. "అదేంటండీ బాబాయ్ గారూ! ఎత్తిన వేలు దింపేస్తారేంటండీ!"

"ఎత్తింది నేనే కదయ్యా. దింపేదీ నేనే."

"మా కప్పు పోతే?"

"కప్పు ఎవరిదో నాకు తెలియదు నానాజీ. బంతి తగల్లేదని తెలుసు. రా, చూడు ఇక్కడ."

నానాజీ వచ్చి చీరుకుపోయిన నేల చూశాడు. మన్ను కాలితో తన్నాడు. "మరి అంతమందిమి అరిచాం కదండీ, ఆ మాత్రం గౌరవం..." అని గొణిగి, బంతి తీసుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత బంతికి చిన్నబాబు మధ్య స్టంపు ఎగిరి కీపరు కాళ్ళ దగ్గర పడింది. దానికి ఎవరి వేలూ అక్కర్లేకపోయింది. చిన్నబాబు నవ్వేసి సత్యలింగం దగ్గర ఆగాడు. "ఇప్పుడు నా తప్పుకి నేనే వెళ్తున్నానండి. దీనికి బాధ లేదు." మిగతా బంతులు ఆడినవాళ్ళ వల్ల ఏమీ కాలేదు. కప్పు రైసుమిల్లుకి దక్కింది.

అసలు ఆట పందిట్లో మొదలైంది. అభ్యసన సభలో పరిశీలకుల వారు లేచి, "సత్యలింగం గారి తప్పు లెక్కకు రాదు. చేసిన తప్పును వెనువెంటనే దిద్దుకొనినారు. దిద్దబడిన తప్పు, తప్పుగా అస్తిత్వము కోల్పోవును," అన్నారు.

గోపాలస్వామి గారి ముఖం పాలిపోయింది. ఆదర్శ సంఘం చేతిదాకా వచ్చి జారిపోతోంది. గబగబా ఆలోచించి లేచారు.

"అధ్యక్షా! సదరు బ్యాట్స్‌మన్ తరువాతి బంతికే ఔటైనాడు. అనగా అతడు ఎటూ ఔటు కావలసినవాడే. కావున సత్యలింగం గారి మొదటి నిర్ణయం సవ్యమైనది. అతణ్ణి వెనుకకు పిలుచుటయే తప్పు. ఇట్టి తప్పు సంఘ చరిత్రలో ఎవరూ చేసి ఉండలేదు. ఇది పూర్తిగా స్వతంత్రమైన తప్పు!"

పరిశీలకుల వారు కాసేపు కళ్ళు మూసుకుని, తల ఊపారు. పందిరంతా చప్పట్లు. శాలువా తెచ్చారు. సత్యలింగాన్ని ప్రధాన అంపైరుగా నియమించినట్టు, కోటు శాశ్వతంగా ఆయనదే అయినట్టు ప్రకటించారు. ఇక మిగిలింది పాఠం చెప్పడమే. గోపాలస్వామి గారు మైకు చేతికిస్తూ చెవిలో చెప్పారు: "ఎత్తిన వేలు ఇకపై ఎన్నడూ దింపనని అనండి. అంతే. మిగతాది నేను చూసుకుంటాను."

సత్యలింగం మైకు పట్టుకుని నిలబడ్డాడు. అంత జనం ముందు మాట్లాడటం ఆయనకి అదే మొదలు. ఎదురుగా సరోజిని, శాలువా వంక చూస్తూ ఆమె తమ్ముడు. ఒక్క వాక్యం అంటే చాలు, ఇంటికి కోటుతో వెళ్ళొచ్చు. ఆ వాక్యం నాలుక చివరిదాకా వచ్చి, అక్కడినుంచి కదలనంది.

"అయ్యా, తప్పు చేసిన మాట నిజమేనండి. వేలెత్తడం నా తప్పు. దింపడం కాదు. వేలెత్తినప్పుడు నా మనసు బంతి మీద లేదండి, మీరు కేటాయించిన రనౌట్ మీద ఉంది. అందుకని చిన్నబాబుకి అన్యాయం చెయ్యబోయాను. వాణ్ణి అందరి ముందూ క్షమించమంటున్నాను. నేను నేర్చుకున్నది ఇదండి: అక్కడ నిలబడ్డప్పుడు బంతినే చూడాలి."

గోపాలస్వామి గారు మైకు దగ్గరికి వంగారు. "అది అందరికీ తెలిసినదే. పాఠముగా పరిగణించుటకు వీలుపడదు. మీరు దింపడం గురించి చెప్పండి."

"దింపడం గురించి నాకు నేర్చుకునేదేం కనపడలేదండి. మళ్ళీ అలాంటిదే జరిగితే మళ్ళీ దింపుతాను."

సత్యలింగం జేబులోంచి గింజలు తీసుకుని, కోటు విప్పి, దాని చేతులు లోపలికి మడిచి, బల్ల మీద శాలువా పక్కన పెట్టి, పరిశీలకుల వారికి నమస్కారం చేసి దిగొచ్చేశాడు.

దారిలో సరోజిని అంది: "శాలువా మంచి రంగు. అదైనా తెచ్చుకోవాల్సింది."

"కోపమొచ్చిందా?"

"ఎందుకూ? మీరు తప్పు చేశానని అంతమంది ముందు ఒప్పుకోవడం కళ్ళారా చూశాను. ఇంట్లో అయితే చచ్చినా ఒప్పుకోరు." తమ్ముడు పక్కకి తిరిగి నవ్వుకున్నాడు.

తర్వాతి ఆదివారం ఏం చెయ్యాలో తోచక సత్యలింగం కొట్టు తెరిచి కూర్చున్నాడు. ఆదివారం ఆ కొట్టు తెరిచి ఉండటం చూసి ఈగలు కూడా ఆశ్చర్యపోయి ఉంటాయి. ఎండ ముదరకముందే నానాజీ, చిన్నబాబు ఒకే సైకిలు మీద వచ్చి దిగారు.

"ఏం కావాలయ్యా? కర్పూరమా?"

"మీరే కావాలండి," అన్నాడు నానాజీ. "మిల్లు వెనకాల కళ్ళం చదును చేశాం. రెండు జట్లూ వచ్చేశాయి. గోడ చదివి ఆడీ ఆడీ విసుగొచ్చేసింది బాబాయ్ గారూ. ఔటో కాదో తెలియని ఆట ఒక్కటి ఆడుకుంటాం."

"కోటు సంఘానికిచ్చేశాను కదయ్యా."

"కోటుతో మాకేం పనండీ?" అన్నాడు చిన్నబాబు. "వేలు తెచ్చుకున్నారు కదా!"

సత్యలింగం తలుపులు వేసి, తాళం పెట్టి, పంచె ఎగ్గట్టి బయల్దేరాడు. కళ్ళం దగ్గర ఉడికిన ధాన్యం వాసన వేస్తోంది. గళ్ళచొక్కాతో వికెట్ల వెనక నిలబడితే మొదట్లో చలేసినట్టనిపించింది గానీ, నానాజీ పరుగందుకునేసరికి ఆ సంగతే మరిచిపోయాడు.

మొదటి ఓవర్లోనే బంతి చిన్నబాబు ప్యాడుకి తగిలింది. నానాజీ మోకాళ్ళ మీద కూలబడి, మిల్లు గోడ ప్రతిధ్వనించేలా అరిచాడు. సత్యలింగం చూసింది మనసులో మళ్ళీ ఒకసారి చూసుకున్నాడు. తల అడ్డంగా ఊపాడు.

"అది తగిలేదేనండీ బాబాయ్ గారూ!"

"తగిలేదేమో నానాజీ. నాకు మాత్రం బయటికి పోతున్నట్టు కనపడింది."

"తప్పండీ! ముమ్మాటికీ తప్పు!"

"అయ్యుండొచ్చు. బంతి వెయ్యి."

నానాజీ గొణుక్కుంటూ వెనక్కి నడిచి, బంతిని ప్యాంటుకి రుద్దుకుని, మళ్ళీ పరుగందుకున్నాడు.